పరదా వెనక పదమూడున్నర

పని ఉన్నవాడు పదికాలాలు బతుకుతాడని, పని లేనివాడికి లేని జబ్బులన్నీ వస్తాయని రాళ్ళకుంటపల్లె వాళ్ళకు తాతల నాటి నుంచీ తెలుసు. ప్రభుత్వానికి మాత్రం మొన్నీమధ్యే తెలిసింది. అదీ ఊరికే తెలియలేదు. రెండేళ్ళు పట్టింది. నలభై మంది నిపుణులు ఊరూరా తిరిగి, జనాన్ని నిలబెట్టి, కూర్చోబెట్టి, నాలుక చాపమని చూసి ఒక సర్వే రాశారు. అచ్చయి వచ్చాక ఆ పుస్తకాన్ని ఎవరో సరదాకి తక్కెట్లో వేస్తే సరిగ్గా మూడు కిలోలు తూగిందట.

కూలి ఉంటే కూడు, కూడు ఉంటే ఒంట్లో సత్తువ, సత్తువ ఉంటే ఊరు బాగుపడుతుంది. మూడు కిలోల పుస్తకంలోని సారమంతా ఇదే. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే మంచి మాట ఆఫీసు గడప తొక్కాక మంచిగా బయటికి రావడం అరుదు.

ఆరోగ్యం చూసే శాఖనూ, పని కల్పించే శాఖనూ ఒకే కాడికి కట్టి 'శ్రమారోగ్య శాఖ' అన్నారు. కరువు మండలాల్లో ఊటకుంటలు తవ్వించడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగాక చూస్తే కుంటలు తవ్వేవాళ్ళంతా ఎండు కందికట్టెల్లా ఉన్నారు. కమిషనరు గారు బల్ల గుద్దారు.

"పని చేసేవాళ్ళు ఆరోగ్యంగా ఉంటారని సర్వేలో ఉంది. వీళ్ళు పని చేస్తున్నారు. ఆరోగ్యంగా లేరు. తప్పు సర్వేదా, వీళ్ళదా?"

సర్వే అచ్చయింది. దానికి అట్ట కూడా గట్టిది. కాబట్టి తప్పు మనుషులదేనని సమావేశం తేల్చింది. ఉన్న మనుషుల్ని బాగుచెయ్యాలంటే ఏళ్ళు పడుతుంది, బాగున్న మనుషుల్ని తెచ్చిపెట్టుకోవడానికి ఒక కాగితం చాలు. నలభై ఒకటో నంబరు సర్క్యులరు అలా పుట్టింది.

అది ఊళ్ళోకి వచ్చిన పొద్దుటికి సుంకులమ్మ గడ్డపార పట్టుకొని కుంటలో దిగి ఉంది.

సుంకులమ్మకు నలభై యేళ్ళుంటాయి. మొగుడు పోయి ఆరేళ్ళు. గడ్డపార పోటు వేస్తే రాళ్ళు కలిసిన మొరపనేల కూడా 'అట్లనే తల్లీ' అని పక్కకు జరిగేది. ఈ ఏడు ఆమెకు కుంట పని ఎప్పటికంటే ఎక్కువ అవసరం. కూతురు మల్లీశ్వరి తొలికాన్పుకని పుట్టింటికి వచ్చింది. అల్లుడు బెంగుళూరులో కట్టడాల పనికి పోయి, ఎక్కడ పని దొరికితే అక్కడ ఉంటున్నాడు. నర్సు ఎలీశమ్మ మల్లీశ్వరి కంటిరెప్ప కిందికి లాగి చూసి, వేలు పొడిచి చూసి, సుంకులమ్మను పక్కకు పిలిచింది.

"సుంకులక్కా, పిల్లకు రక్తం ఏడు పాయింట్లుంది. కాన్పు టయానికి పదన్నా దాటల్ల. దాటకుంటే నేను చెయ్యి పెట్టను, పెద్దాసుపత్రి వాళ్ళు గూడా భయపడతారు. మాత్రలు నేనిస్తా. గుడ్లు, పాలు, ఆకుకూర, కార్జం నువ్వు పెట్టల్ల. నాలుగు నెలలు. ఒక్క దినం గూడా తప్పగూడదు."

మాత్రలు మింగితే ఒంటికి పట్టడానికి కడుపులో కూడుండాలి. కూడు కుంటలో ఉంది. గడ్డపార పోటుకొక ముద్ద. అంతే లెక్క.

ఆ పొద్దున ఎలీశమ్మ రక్తం కొలిచే మిషను తెచ్చి కుంట గట్టు మీద కూర్చుంది. పక్కన కుంట పనులు చూసే ఫీల్డు అసిస్టెంటు ఓబులేసు సర్క్యులరు చేతబట్టుకొని, పెళ్ళి మంత్రాలు మరిచిపోయిన పురోహితుడిలా నిలబడ్డాడు. ఒక్కొక్కరే వచ్చి వేలు చాపారు. సుంకులమ్మకు ఏడున్నర వచ్చింది.

"అత్తా, నీకు పని లేదు," అన్నాడు ఓబులేసు నేల చూస్తూ.

"ఏమిరా? నిన్న లోతు చాలలేదంటివా? ఇంగో అడుగు దింపుతాలే."

"లోతు కాదత్తా, రగతం. ఇను. 'పన్నెండు పాయింట్లకు లోపు రక్తము గల వ్యక్తులకు పని కల్పించుట వలన పథకము యొక్క ఆరోగ్యము క్షీణించుచున్నందున, అట్టి వారిని తక్షణమే విరమింపజేయవలెను.'"

"పథకానికి గూడా ఆరోగ్యం ఉంటాదా! యాడ పొడిచి చూసినారు దాని వేలు?"

ఆడవాళ్ళు నవ్వారు. ఓబులేసుకు నవ్వు రాలేదు. "తిని, రగతం పట్టించుకోని రాత్తా. నేనే పేరు రాస్తా."

"పనిస్తే గదరా తినేది."

"తింటే గదత్తా పనిచ్చేది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి మాటా నిజమే. కుంటలో పనిచేసే పదకొండు మంది ఆడవాళ్ళలో ఒక్కరికీ పదికి మించి లేదు. ఎలీశమ్మ ఎవరి చీటీ వాళ్ళకు రాసిచ్చింది. సుంకులమ్మ చీటీ మీద 'ఏడున్నర' కింద ఓబులేసు 'పని నిరాకరించడమైనది' అని రాసి ముద్ర వేశాడు. ఆమె దాన్ని మడిచి వక్కాకు తిత్తిలో పెట్టుకుంది.

ఊళ్ళో పన్నెండు దాటినవాళ్ళు లేకపోలేదు. శనక్కాయల మండీ వెంకటశేషయ్యకు పదిహేను. ఆయన తమ్ముడికి పద్నాలుగున్నర. వాళ్ళకు కుంట పనికి కార్డులొచ్చాయి. ఇస్త్రీ చొక్కాలతో మోటారు సైకిళ్ళ మీద వచ్చి గట్టు మీద ఫోటో దిగారు. ఫోటో కోసమని వెంకటశేషయ్య ఒకే ఒక్కసారి వంగి మట్టితట్ట ఎత్తబోయాడు. నడుము పట్టేసింది. నలుగురు మోసుకుపోయారు. అప్పటివరకూ కుంటలో పని లేక జబ్బుపడ్డవాళ్ళే గానీ పని చేసి జబ్బుపడ్డవాడు ఆయనొక్కడే. వారం గడిచినా కుంట వేలెడు లోతు దిగలేదు. కొలతలు చూపించలేక ఓబులేసుకు నిద్ర పట్టడం మానేసింది.

సుంకులమ్మ చూసి చూసి మండలానికి పోయింది.

శ్రమారోగ్య భవనంలో రెండు కిటికీలున్నాయి. ఒకటో కిటికీ వైద్యం, రెండో కిటికీ ఉపాధి. మధ్య జానెడు గోడ. ఒకటో కిటికీలో ఉన్నాయన ఆమె చీటీ చూసి, నాలుక చూసి, అడిగాడు.

"మీకు ఉద్యోగం, ఉపాధి, ఆదాయం వగైరాలేమైనా ఉన్నాయా?"

"ఉంటే నీకాడికెందుకొస్తా సామీ?"

"అదే రోగం." ఆయన మందుల చీటీ మీద శ్రద్ధగా రాసి ఇచ్చాడు. రోజుకు ఎనిమిది గంటల పని, పొద్దున నాలుగు, మధ్యాహ్నం నాలుగు, తొంభై రోజులు. "సర్వే ప్రకారం మీ రక్తహీనతకు మందు ఇదొక్కటే. రెండో కిటికీలో ఇస్తారు."

రెండో కిటికీలో ఉన్నాయన చీటీ తీసుకొని అటూ ఇటూ తిప్పాడు. "మందు సరిగ్గానే రాశారు. కానీ ఏడున్నరకు ఈ మందు ఇవ్వకూడదు. పన్నెండు దాటినవాళ్ళకే. ముందు రక్తం పెంచుకొని రండి."

"పెరిగేదానికే గద సామీ ఈ మందు?"

"పెరిగినవాళ్ళకే ఈ మందు. పెరగనివాళ్ళు ఒకటో కిటికీకి పోవాలి."

నాలుగుసార్లు తిరిగింది. ఐదోసారి వచ్చేసరికి రెండు కిటికీలూ మూసి ఉన్నాయి. లోపల ఆ ఇద్దరూ జానెడు గోడ పక్కన ఒకే పొట్లంలోని ఉగ్గాని చెరిసగం తింటున్నారు. అక్కడ మాత్రం రెండు శాఖలూ చక్కగా కలిసిపోయాయి. ఆమె నేరుగా ప్రత్యేకాధికారి చిదంబరరావు గారి గదిలోకి పోయింది.

చిదంబరరావు గారు మనిషి మంచివాడు. కాగితంలో లేని మాట ఆయన నోట రాదు. అదొక్కటే ఆయనకున్న జబ్బు.

"అమ్మా, సమస్య మా దృష్టిలో ఉన్నది. సమస్య దృష్టిలో ఉన్నంత కాలము అది పరిష్కార క్రమములో ఉన్నట్లే."

"నా బిడ్డకు నెలలు నిండుతాండాయి సామీ. అది క్రమం లోనే ఉండాది. మీరే ల్యాదు."

"మీ ఊరి నుండి ఇంకొక ఫిర్యాదు కూడా వచ్చినది," అంటూ ఆయన వేరే కాగితం తీశాడు. వెంకటశేషయ్య బావమరిదికి పదకొండున్నర వచ్చిందట. నర్సు మొహం చూసి తక్కువ కొలిచిందని అర్జీ పెట్టాడట. "ముఖము చూచి రక్తము కొలువరాదని పైవారు ఆదేశించినారు. ఇక మీదట నర్సు ఒక ప్రక్క, అభ్యర్థులు ఒక ప్రక్క. నడుమ పరదా. పరదాకు రంధ్రము. రంధ్రము గుండా టోకెను సంఖ్య పలికి, వేలు మాత్రమే చాపవలెను. పక్షపాతమునకు తావు లేదు. మీరు కూడా వేలు చాపుకొనవచ్చును."

సుంకులమ్మ తన వేలి వైపు ఒకసారి చూసుకుంది. "ఒట్టి వేలేనా సామీ?"

"వేలు మాత్రమే. ముఖము చూపినచో అనర్హులు."

ఆమె వంగి దండం పెట్టింది. తాను ఇంత బాగా అర్థమయ్యేటట్టు చెప్పానా అని చిదంబరరావు గారు ఆశ్చర్యపోయారు.

ఊళ్ళో బస్సు దిగి సుంకులమ్మ ఇంటికి పోలేదు. కాశింబీ ఇంటికి పోయింది.

కాశింబీ మొగుడు ఖాజా ఆదివారం ఆదివారం పొట్టేలు కోస్తాడు. కరువు ఊళ్ళో తునకలు కొనేవాళ్ళే తక్కువ, కార్జం, తలకాయ, కాళ్ళు ఎవరు కొంటారు? మిగిలినదంతా కాశింబీ పొయ్యి మీదికే. ఊళ్ళో కూలి జనమంతా పాలిపోయి ఉంటే కాశింబీ బుగ్గలు మాత్రం పండుమిరపకాయ రంగులో ఉంటాయి. అమ్ముడుపోని అంగడి ఆమెకు ఆరోగ్యం ఇచ్చింది, ఇంకేమీ ఇవ్వలేదు.

"కాశింబీ, నీకెన్ని పాయింట్లుండాయమ్మా?"

"పోయిన నెల సిస్టరమ్మ చూసి పదమూడున్నరనె. ఏమక్కా, దిష్టి పెడతావా?"

"దిష్టి కాదు. నీ వేళ్ళు కావల్ల."

సంగతి విన్నాక కాశింబీ రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకుంది. "మీరు పదకొండు మంది. నాకుండేది పది."

"అదీ ఆలోచిస్తాంలే. నీకేమియ్యల్లో చెప్పు."

"నాకేమొద్దు. కూలి చేతికొచ్చినాక ఆదివారం మా అంగట్లో కార్జం కొనల్ల. అందరూ కొనల్ల. తిని తిని నాకు యేవగింపు పుట్టింది."

పరదా పరీక్ష బడి వరండాలో పెట్టారు. రెండు స్తంభాల మధ్య నీలం పట్టా కట్టి నడుమ గుండ్రంగా కోశారు. అటు పక్క ఎలీశమ్మ, పరిశీలనకు చిదంబరరావు గారు. ఇటు పక్క కాశింబీ ముక్కాలి పీట వేసుకొని కూర్చుంది. ఆమె వెనక పదకొండు మంది ఆడవాళ్ళు, పవిట చెంగులు నోట్లో కుక్కుకొని. వరస చూడడానికి ఓబులేసు కూడా ఇటు పక్కే ఉన్నాడు. కొలతల దిగులుతో ఆ రోజు అతను ఆకాశంలో మబ్బులే చూశాడు, ఇంకేమీ చూడలేదు.

"టోకెను ఒకటి!"

కాశింబీ కుడిచేతి చూపుడు వేలు పోయింది. పదమూడున్నర.

"టోకెను రెండు!" నడిమి వేలు. పదమూడున్నర.

మూడోది సుంకులమ్మది. ఉంగరపు వేలు పోయింది. ఎడమ చేతికి మారినప్పుడు కాశింబీ గాజులు తీసి అవతల పెట్టింది. మనిషి మారితే గాజులు మారాలి కదా. పది టోకెన్లు సాఫీగా నడిచాయి. పదకొండోది పెద్ద ఓబక్కది. అరవై దాటిన మనిషి, అందరికంటే ఎక్కువ ఆకలి ఆమెదే, ఆమెను వదిలేసే మాటే లేదు. కాశింబీ పీట మీద వెనక్కి వాలి, ఇద్దరు పట్టుకుంటే కాలు ఎత్తి బొటనవేలు రంధ్రంలో పెట్టింది.

అటు పక్క కుర్చీ ముందుకు జరిగిన చప్పుడైంది.

"ఈ వేలేమి ఇట్లున్నది?" అన్నారు చిదంబరరావు గారు.

"పని చేసిన వేలు సామీ!" అంది పెద్ద ఓబక్క పరదా వెనక నుంచి. "రాయీ రప్పా తగిలి అట్లయింది."

ఎలీశమ్మ ఆ వేలు చూసింది, పరదా చూసింది, చిదంబరరావు గారి మొహం చూసింది. తొంభై ఊళ్ళ రెప్పలు లాగి చూసిన మనిషి ఆమె. ఏమీ అనకుండా సూది పొడిచింది. "పదమూడున్నర సార్."

మరుసటి సోమవారం పదకొండు మందీ కుంటలో దిగారు. గడ్డపారలు మళ్ళీ మాట్లాడాయి. వారం కూలి చేతికొచ్చిన ఆదివారం ఖాజా అంగట్లో మొదటిసారి కార్జం చాల్లేదు. సుంకులమ్మ ఆకులో చుట్టించుకొచ్చి, మిరియాలేసి వేపి, మల్లీశ్వరి ముందు పెట్టింది.

"నువ్వు తినవా మా?"

"నేను పదమూడున్నర దాన్ని. నాకెందుకే?" అని నవ్వి, కూతురు మొండికేస్తే తానూ రెండు తునకలు నోట్లో వేసుకుంది. మూడో వారానికి పాలు. నెలకు గుడ్లు. మల్లీశ్వరి ఏడు నుంచి ఎనిమిదికి వచ్చింది.

అంతా బాగానే ఉండేది, లెక్క జిల్లాకు పోకుండా ఉంటే. పోయింది. పదకొండు మందికీ పదమూడున్నర. పెద్దాఫీసులో ఒకాయన ఆనందంతో లేచి నిలబడ్డాడట. ఆరోగ్యం ఉండే ఊళ్ళు చూశారు గానీ ఆరోగ్యం ఇంత సమానంగా పంచుకున్న ఊరు ఎవరూ చూడలేదు. 'రక్తమునందు అసమానతలు లేని గ్రామము' అని పేరు పెట్టారు. వెంటనే ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఇంత ఆరోగ్యం ఉన్న ఊరికి అంగన్‌వాడీ గుడ్లు వృథా కాబట్టి ఆపడమైనది. సుంకులమ్మ ఆ గుడ్లు కూడా కూలి డబ్బుల్లోనే కొనడం మొదలుపెట్టింది. జూన్ మొదటి వారంలో కమిషనరు గారే వస్తారనీ, అందరి తరఫునా సుంకులమ్మకు శాలువా కప్పుతారనీ చెప్పారు.

షామియానా వేశారు. కమిషనరు గారు మైకు ముందు నిలబడి, "పని అనేది మందు. ఈ మందు వేసుకొని ఈ తల్లి ఎక్కడికి చేరిందో మనమే చూద్దాం. అందరి ముందరా, ఇప్పుడే," అన్నారు. పరదా మాట ఎవరూ ఎత్తలేదు. సభలో పరదా కడితే కమిషనరు గారు కనిపించరు కదా.

సుంకులమ్మ కాశింబీ వైపు చూసింది. కాశింబీ చేతులు రెండూ పవిట కింద దాచుకుంది. ఎలీశమ్మ సూది పొడిచింది. మిషను చూసి, "పది సార్," అంది. ఆమె గొంతులో సంతోషం దాగలేదు. ఏడున్నర నుంచి పదికి! కానీ ఆ సంతోషం ఆమె ఒక్కదానిదే.

కమిషనరు గారి చేతిలో మార్చి నెల కాగితం ఉంది. "మూడో నంబరు టోకెను, పదమూడున్నర. ఇప్పుడు పది. అంటే రెండు నెలలు పని చేస్తే మూడున్నర పాయింట్లు పోయాయి. చిదంబరరావు గారూ, మనం జనం రక్తం తాగుతున్నామా?"

జనం గుసగుసలాడారు. సుంకులమ్మకు ఒక్కటే తట్టింది. పని ఆపేస్తారు. మల్లీశ్వరికి తొమ్మిదే ఉంది, ఇంకొక పాయింటు పైన కావాలి. ఆమె వక్కాకు తిత్తి విప్పి, మడతలు పడిన చీటీ తీసి కమిషనరు గారి చేతిలో పెట్టింది.

"తగ్గలేదు సామీ, పెరిగింది. పని లేనప్పుడు ఏడున్నర. పని చేసి, తిన్నాక పది. అదో, మీ ముద్రే ఉండాది."

కమిషనరు గారు చీటీ చదివారు. "సుంకులమ్మ. ఏడున్నర. పని నిరాకరించడమైనది." మళ్ళీ తన కాగితం చదివారు. "సుంకులమ్మ. పదమూడున్నర. పని కల్పించడమైనది." తల పైకెత్తారు. "ఇద్దరు సుంకులమ్మలున్నారా మీ ఊళ్ళో?"

"ఇద్దరూ నేనే సామీ."

"అట్లా కుదరదమ్మా. ఒకే మనిషికి పని ఇవ్వడమూ, ఇవ్వకపోవడమూ ఆఫీసులో ఉండదు."

అప్పుడు చిదంబరరావు గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఉద్యోగం పోయే వేళ వచ్చే ఆలోచనలకు పదునెక్కువ. ఆయన చేతులు కట్టుకొని ముందుకొచ్చారు.

"సార్, గమనించవలసినది ఒకటున్నది. పని కల్పించిన సుంకులమ్మ పదమూడున్నర నుండి పదికి దిగినది. పని నిరాకరించిన సుంకులమ్మ ఏడున్నర నుండి పదికి ఎక్కినది. తమరు ఆజ్ఞాపించినచో, నిరాకరణయే ఆరోగ్యమునకు హేతువని..."

కమిషనరు గారు కుర్చీలో నుంచి మెల్లగా లేచారు. మూడు కిలోల సర్వే ఆయన కంటే ముందున్న కమిషనరు చేయించినది. ఆయన పేరు మీద ఇంతవరకూ అరకిలో సర్వే కూడా లేదు.

"మళ్ళీ చెప్పండి," అన్నారు.

వారం తిరక్కముందే నలభై రెండో నంబరు సర్క్యులరు వచ్చింది. ఊటకుంట పని ఎక్కడిదక్కడ నిలిపివేయబడింది. రాళ్ళకుంటపల్లెలో పదకొండు మంది స్త్రీలపై 'నిష్క్రియా ఆరోగ్య పరిశీలన' జరుగుతుంది. వాళ్ళు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు వరకూ బడి వరండాలో ఏ పనీ చేయకుండా కూర్చోవాలి. ఆకలి వల్ల పరిశీలన చెడిపోకుండా, కూలి ఎంతో అంత 'పరిశీలనా భత్యం' ఇస్తారు. ఎవరైనా గడ్డపార ముట్టినట్టు తెలిస్తే పదకొండు మందికీ భత్యం రద్దు.

ఓబులేసు చదివి వినిపించాక ఆడవాళ్ళు ఇంకోసారి చదివించుకున్నారు.

"అంటే పని ల్యాకుండా కూర్చునేదే పనా?" అంది పెద్ద ఓబక్క.

"పని అనొద్దు అవ్వా. ఆ మాటే రాగూడదంట."

"ఈ బుద్ధి నా పెండ్లయిన కాలంలో యాడికి పోయిందిరా వీళ్ళకు?"

కూర్చున్నారు. మొదటి రోజు పేలు చూసుకున్నారు. రెండో రోజు అత్తల్ని తిట్టుకున్నారు. మూడో రోజుకు అత్తలు కూడా అయిపోయారు. ఊరికే కూర్చోవడం రాయి కొట్టడం కంటే కష్టమని అప్పుడు తెలిసింది. వారం వారం కూలి, కాదు, భత్యం చేతికి రావడం మాత్రం ఆగలేదు. ఆదివారం కార్జం ఆగలేదు. పాయింట్లు ఎక్కాయి. చిదంబరరావు గారు ప్రతి శుక్రవారం ఆ అంకెలు పైకి పంపి, 'పని లేకపోవుట వలన' అని కింద రాస్తూ వచ్చారు.

సుంకులమ్మకు మాత్రం ఒకటి మనసులో గుచ్చుకుంటూనే ఉంది. కుంట మూడొంతులు తవ్వి ఆపేశారు. కట్ట పోశారు గానీ, నీళ్ళు ఎక్కువైతే పక్కకు పోవడానికి మరవ తీయలేదు. పెద్దవాన పడితే కట్ట తెగుతుంది. తెగితే నీళ్ళు నేరుగా దిగువనున్న తమ కాలనీ మీదికి. అక్కడ మల్లీశ్వరి తొమ్మిదో నెలతో, మంచం మీద నుంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సిన స్థితిలో ఉంది. ఉత్తరాన మబ్బు పడుతోంది.

"మరవ తియ్యకుంటే మునుగుతాం. తీసినామని తెలిస్తే భత్యం పోతాది," అంది సుంకులమ్మ వరండాలో. "ఏం జేద్దాం?"

"పరిశీలన వాళ్ళు ఎనిమిదికి గదక్కా వచ్చేది?" అంది కాశింబీ. ఆమె పరిశీలనలో లేదు, కానీ మాటలకు వచ్చి కూర్చునేది. "ఎనిమిది లోపల మనం పడుకోనుంటిమో లేచుంటిమో వాళ్ళకేం తెలుసు?"

మరుసటి రోజు నుంచి కోడి కూసే వేళకు పదకొండు మందీ కుంట కట్ట మీద ఉండేవాళ్ళు. పెద్ద ఓబక్క దారి పక్క రాయి మీద కాపలా. దొంగతనానికి పోయేవాళ్ళను చూసింది గానీ దొంగచాటుగా పనికి పోయేవాళ్ళను ఆ ఊరు అప్పుడే చూసింది. ఏడున్నరకు గడ్డపారలు గడ్డివాములో దాచి, ఎనిమిదికి వరండాలో ఆవులిస్తూ కూర్చునేవాళ్ళు. ఐదో రోజు ఓబులేసు చీకటితోనే వచ్చాడు. అందరూ గడ్డపారలు వెనక్కి దాచుకున్నారు. అతను చొక్కా విప్పి రాయికి తగిలించి, గడ్డపార అందుకున్నాడు.

ఎనిమిదో రోజుకు మరవ దిగింది. తొమ్మిదో రోజు వాన దిగింది. అట్లాంటి వాన పదేళ్ళలో పడలేదు. కుంట నిండి, నీళ్ళు కట్ట అంచు దాకా వచ్చి, ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, మరవ గుండా వంక వైపు మళ్ళాయి. ఆ వానలోనే మల్లీశ్వరికి నొప్పులొచ్చాయి. ఎలీశమ్మ ముందు వేలు పొడిచి చూసింది. పదిన్నర. "ఇంగ నేను చెయ్యి పెడతా," అని చీర కొంగు దోపుకుంది.

తెల్లారాక వాన వెలిసింది. చిదంబరరావు గారు జీపులో వచ్చారు. నిండిన కుంట చూశారు, కొత్త మరవ చూశారు, వరండాలో వరసగా కూర్చున్న ఆడవాళ్ళ దగ్గరికి వచ్చారు.

"ఈ మరవ ఎవరు తవ్వినారు?"

"మాకేం తెల్సు సామీ? మేం ఊరికే కూర్చోనుంటిమి," అంది పెద్ద ఓబక్క.

ఆయన చూపు వాళ్ళ చేతుల మీద పడింది. గోళ్ళ సందుల్లో, అరచేతి గీతల్లో ఎర్రమట్టి. కడిగితే పోయేది కాదు. "ఈ చేతులకు ఈ ఎరుపేమిటి?"

సుంకులమ్మ చేతులు రెండూ ఆయన ముందుకు చాపింది.

"ఆషాఢమాసం గద సామీ. గోరింటాకు పెట్టుకున్యాం. పనీ పాటా ల్యాదు, ఇంగేం జేస్తాం?"

చిదంబరరావు గారు చాలాసేపు చూసి, జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నారు. 'పని లేకపోవుట వలన స్త్రీలలో అలంకరణాసక్తి వృద్ధి చెందినది. ఇది మానసికారోగ్య సూచిక.'

అప్పుడే ఎలీశమ్మ బిడ్డను తువ్వాలులో చుట్టి తక్కెడ కోసం వరండాలోకి తెచ్చింది. ఆడపిల్ల. తక్కెట్లో వేస్తే సరిగ్గా మూడు కిలోలు. బిడ్డ గట్టిగా ఏడ్చింది. వరండాలో పదకొండు మంది నవ్వారు, కాశింబీ కళ్ళు తుడుచుకుంది.

చిదంబరరావు గారు ఫారం నింపి, సంతకం చేసి, జీపెక్కి పోయారు. సుంకులమ్మ ఓబులేసును పిలిచింది.

"ఏమని రాసినాడురా?"

ఓబులేసు ఫారం కార్బను ప్రతి చూసి తల గోక్కున్నాడు. "బిడ్డ బరువు మూడు కిలోలు. కారణం, అమ్మమ్మకు పని లేకపోవుట." అతనికి కోపం వచ్చింది. "అత్తా, పెద్దాఫీసుకు పోయి నిజం చెప్తాం పా. పని చేస్తే కూలి, కూలితో కూడు, కూడుతో ఈ బిడ్డ అని నేనే చెప్తా."

సుంకులమ్మ మనవరాలి గుప్పిట తెరిచి తన ఎర్రటి చూపుడు వేలు అందులో పెట్టింది. బిడ్డ గట్టిగా పట్టుకుంది.

"పోనీలేరా, అట్లనే రాసుకోనీ," అంది. "వాళ్ళకు గూడా ఏదో ఒక పనుండల్ల గదా. పని ల్యాకుంటే పాపం, వాళ్ళకూ జబ్బు చేస్తాది."